బర్నింగ్ మ్యాన్‌లో రాత్రి తిరగడానికి హెడ్‌ల్యాంప్ ఒక్కటే సరిపోదు

మంచి హెడ్‌ల్యాంప్ (తలకు పెట్టుకునే లైటు) కొన్నాను, బర్నింగ్ మ్యాన్ ఉత్సవానికి అమెరికాలోని నెవాడా వెళ్లేటప్పుడు ఇంకేమైనా లైట్లు కావాలా అని అడిగారు కదండీ. కావాలి. మీకు దారి కనపడటం ఒక ఎత్తు, మీరు ఇతరులకు కనపడటం మరో ఎత్తు.

ఉత్సవం జరిగే బ్లాక్ రాక్ ఎడారిలో, శిల్పాలు పెట్టే మైదానంలో వీధి దీపాలు ఉండవు. సైకిళ్లు, బస్సంత ఆర్ట్ కార్లు (కళాకృతుల్లా మార్చిన వాహనాలు) ఏ వైపు నుంచైనా వస్తాయి. హెడ్‌ల్యాంప్ ముందుకే వెలుగుతుంది కాబట్టి వెనక నుంచి వచ్చేవాళ్లకు మీరు కనపడరు. పైగా ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. దుమ్ము లేస్తే ఆ తెల్లటి వెలుగు తిరిగి మీ కళ్లలోకే వస్తుంది. దాన్ని టెంట్‌లో, సైకిల్ రిపేరుకు వాడుకోండి.

ఒంటికి బ్యాటరీతో వెలిగే ఎల్ఈడీ తీగ ముందూ వెనకా రెండు వైపులా ఉండాలి. టేపుతో అంటించకండి, దుమ్ముకు ఊడిపోతుంది, దారంతో కుట్టండి. చొక్కాకు మాత్రం వద్దు. రాత్రి చలికి పైన కోటు వేసుకోగానే లైట్లన్నీ దాని కింద దాక్కుంటాయి, అందుకని కోటుకే కుట్టండి. ఈఎల్ వైరు (పొడవునా ఒకేలా వెలిగే సన్నటి తీగ) చూడటానికి చాలా బాగుంటుంది కానీ పదే పదే వంగిన చోట పాడవుతుంది.

సైకిల్‌కు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టండి. ఆపి దిగినప్పుడు కూడా ఒకటి వెలుగుతూనే ఉండనివ్వండి, లేకపోతే ఎవరో ఒకరు తట్టుకుని పడతారు.

గ్లో స్టిక్‌లు (వంచితే వెలిగే ప్లాస్టిక్ కడ్డీలు) వద్దు, ఒక్క రాత్రికే చెత్త. చేతి లేజర్లు నిషేధం. బ్యాటరీలు అక్కడ అమ్మరు, ఇంటి నుంచే రెండు సెట్లు పట్టుకెళ్లండి.