ఎల్ఈడీల మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఉండే చిన్న లైట్లను మనకు కావలసినట్టు ఎలా వెలిగించుకోవాలో తెలుగులో రాయాలన్న ఆలోచన బాగుంది. కమాండ్లన్నీ నీ బోర్డు మీద నడిపి చూశాకే రాశావని తెలుస్తోంది, అది ఇంకా బాగుంది. మొదటి మూడు పేరాలు మాత్రం కొట్టేయి. టెక్నాలజీ యుగం, ఓపెన్ సోర్స్ గొప్పతనం లాంటి కబుర్ల కోసం నీ దగ్గరికి ఎవరూ రారు. టీవీ వెనకాల బోర్డు పెట్టుకుని, మానిటర్ లేకుండా నడుపుకుంటూ, "ఇది నడుస్తోందా, హ్యాంగ్ అయిందా" అని టెన్షన్ పడేవాడు వస్తాడు. వాడికి కనిపించేది ఒక్క పచ్చ లైటు. అక్కడ మొదలుపెట్టు.

ఆ పచ్చ లైటు మామూలుగా ఎస్‌డీ కార్డు మీద చదవడమో రాయడమో జరుగుతున్నప్పుడు మిణుకుమంటుంది. ఈ ఒక్క ముక్క నీ వ్యాసంలో ఎక్కడా లేదు! నేరుగా ట్రిగ్గర్, అంటే లైటు దేన్నిబట్టి వెలగాలో చెప్పే సెట్టింగ్, మార్చడంలోకి దూకేశావు. లైటు ఇప్పుడు ఏం చెబుతోందో తెలియనివాడికి, మార్చాక ఏం పోయిందో ఎలా తెలుస్తుంది? లైటును గుండెలా కొట్టించే హార్ట్‌బీట్ ట్రిగ్గర్ పెట్టుకుంటే కార్డు కదలికలు ఇక కనబడవు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే: ప్రతి ట్రిగ్గర్ దగ్గరా, దాన్ని పెడితే లైటు ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది ముందు రాయి. కమాండ్ తర్వాత.

హార్ట్‌బీట్‌నే తీసుకో. "సిస్టమ్ సక్రమంగా పనిచేస్తోందని తెలుపుతుంది" అని రాశావు. అలా అనడానికి లేదు. అది లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం అయిన కెర్నల్‌లోని ఒక టైమర్ మీద నడుస్తుంది. ఆ టైమర్లు ఆడుతున్నాయి అన్నంతవరకే దాని సాక్ష్యం. నీ వెబ్ సర్వర్ ఎప్పుడో పడిపోయి ఉండొచ్చు, నెట్‌వర్క్ ఊడిపోయి ఉండొచ్చు, లైటు మాత్రం హాయిగా కొట్టుకుంటూనే ఉంటుంది. కోమాలో ఉన్నవాడికీ గుండె ఆడుతుంది కదా. కెర్నలే కుప్పకూలితే (కెర్నల్ ప్యానిక్) మాత్రం ఆగుతుంది. కాబట్టి లైటు ఆగితే కచ్చితంగా ఏదో జరిగింది, ఆడుతుంటే అంతా బాగున్నట్టు కాదు. ఈ తేడా రాశావంటే నీ వ్యాసం మిగతావాటికంటే పైమెట్టు మీద ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పు, చదివేవాడికి సరదాగా ఉంటుంది. ఈ హార్ట్‌బీట్ ఒకే వేగంతో కొట్టుకోదు. 70 మిల్లీసెకన్లు వెలిగి, ఆరి, మళ్ళీ 70 మిల్లీసెకన్లు వెలిగి, ఆపైన కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. మెషీన్ ఖాళీగా ఉంటే ఈ మొత్తం చుట్టుకు 1260 మిల్లీసెకన్లు పడుతుంది. లోడ్ యావరేజ్, అంటే సగటున ఎన్ని పనులు నడుస్తూనో వరసలో కాచుకునో ఉన్నాయో చెప్పే అంకె, 1కి చేరితే 860, 5కి చేరితే 510. లోడ్ ఎంత పెరిగినా 300 కంటే కిందికి దిగదు. అంటే గదిలో అటు పక్కన కూర్చుని, టెర్మినల్ తెరవకుండానే, మెషీన్ ఆయాసపడుతోందో లేదో పసిగట్టొచ్చు. ఒక పెద్ద ప్రోగ్రాం కంపైల్‌కి పెట్టి లైటు వైపు చూడమని పాఠకుడికి చెప్పు. చూసినవాడు మళ్ళీ మరిచిపోడు.

ఇక ట్రిగ్గర్ ఫైలు సంగతి. సిస్ డైరెక్టరీలో క్లాస్, అందులో లెడ్స్, అందులో ఒక్కో లైటుకు ఒక్కో ఫోల్డర్ అన్నావు, సరే. ఆ పేర్లు కొత్త కెర్నళ్ళలో యాక్ట్, పవర్ అన్న అర్థం వచ్చేలా ఉంటాయి, పాతవాటిలో లెడ్ సున్నా, లెడ్ ఒకటి అని ఉంటాయి. నువ్వు కొత్తవి మాత్రమే ఇచ్చావు. ఎస్‌డీ కార్డులో పాత సిస్టమ్ ఉన్నవాడు అక్కడే ఆగిపోతాడు. పాఠకుడి చేత ముందు ఆ డైరెక్టరీలో ఏముందో చూపించు, తర్వాత ట్రిగ్గర్ ఫైలును ఊరికే చదివించు. తన కెర్నల్‌కు తెలిసిన ఈవెంట్లన్నీ వరసగా వస్తాయి, ప్రస్తుతం పెట్టి ఉన్నది చదరపు బ్రాకెట్లలో కనబడుతుంది. నువ్వు ఇచ్చిన పట్టిక దీని ముందు దండగ. తన మెషీన్ ఇచ్చే జాబితాయే తనకు పనికొస్తుంది.

చాలామంది ఇరుక్కునే చోటును నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అడ్మిన్ హక్కులిచ్చే సుడో పెట్టి, మాటను బయటికి పంపే ఎకో కమాండ్‌తో హార్ట్‌బీట్ అన్న మాటను ట్రిగ్గర్ ఫైలులోకి బాణం గుర్తుతో మళ్ళిస్తే "పర్మిషన్ డినైడ్" అని వస్తుంది. సుడో పెట్టాం కదా, మళ్ళీ ఇదేంటి అని కొత్తవాడు జుట్టు పీక్కుంటాడు. సుడో వర్తించేది ఎకోకే. ఫైలును తెరిచేది మాత్రం మనం టైప్ చేసిన కమాండ్లను అందుకునే షెల్, అదీ సుడో మొదలవకముందే, మామూలు యూజర్ హోదాలో. అందుకే ఎకో నుంచి పైపు వేసి, వచ్చినదాన్ని ఫైలులో రాసే టీ కమాండ్‌కి, సుడోతో, అందించాలి. కమాండ్ ఇచ్చి వదిలేయకు, కారణం కూడా రాయి. ఇది లైట్లకే కాదు, ఆ డైరెక్టరీలో ప్రతి ఫైలుకూ పనికొస్తుంది.

లైటు ఆర్పడానికి బ్రైట్‌నెస్ ఫైలులో సున్నా రాయమన్నావు. రాస్తే లైటు ఆరడమే కాదు, ట్రిగ్గర్ కూడా ఊడిపోతుందని చెప్పలేదు. చెప్పు. అలాగే ఇలా చేసిన మార్పులన్నీ రీబూట్‌తో పోతాయి. నిలబడాలంటే కాన్ఫిగ్ ఫైలులో డీటీపారమ్ అని మొదలయ్యే సెట్టింగ్ లైను పెట్టాలి. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ అనే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వెర్షన్ నుంచి ఆ ఫైలు బూట్ కింద ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి వెళ్ళింది. నీ వ్యాసంలో పాత దారే ఉంది.

పవర్ కోసం ఉండే ఎర్ర లైటు మీద నీ ఉత్సాహం కాస్త తగ్గించు. దాన్ని కూడా నెట్‌వర్క్‌కి కట్టేద్దామన్నావు. బీ ప్లస్, పై 2 లాంటి పాత బోర్డుల్లో ఆ లైటుకు అసలైన పని ఒకటుంది. వోల్టేజీ సుమారు 4.63 వోల్టుల కంటే పడిపోతే అది ఆరిపోతుంది. ఇంట్లో మూలన పడి ఉన్న ఫోన్ చార్జర్ తగిలించి నడిపేవాళ్ళకు ఇంతకంటే మంచి హెచ్చరిక లేదు. దాన్ని వేరే పనికి వాడుకుంటే ఆ హెచ్చరిక పోతుందని రాయాలి. తిరిగి మామూలుగా చేసుకోవాలంటే ఆ బోర్డుల్లో ఇన్‌పుట్ అనే ట్రిగ్గర్ పెట్టాలి. పేరు వింతగా ఉన్నా అర్థం సులువే: లైటును కెర్నల్ వదిలేసి, హార్డ్‌వేర్ చేతికి తిరిగి ఇచ్చేస్తుంది.

బూట్ అవనప్పుడు పచ్చ లైటు నాలుగుసార్లో ఏడుసార్లో మిణుకుమంటుందని నువ్వు ఇదే వరసలో కలిపావు. అది వేరే సరుకు. అప్పటికి లైనక్స్ ఇంకా మొదలే కాలేదు, చెప్పేది దానికంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్. నాలుగైతే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడైతే కెర్నల్ ఫైలు దొరకలేదని. ఒక చిన్న విడి పేరాలో పెట్టు.

చరిత్ర మీద నీకు అంత మోజుంటే ఒక్కటి ఉంచుకో. ఈ ఎల్ఈడీ వ్యవస్థ 2006లో రిచర్డ్ పర్డీ చేతుల మీదుగా కెర్నల్‌లోకి వచ్చింది. అప్పట్లో ఆయన పనిచేసింది షార్ప్ కంపెనీ జారస్ అనే చేతి కంప్యూటర్ల మీద. బ్యాటరీ చార్జింగ్, ఫ్లాష్ మెమరీ కదలికలు ఆ తొలి ట్రిగ్గర్లలో ఉండేవి. రెండు వాక్యాలు చాలు, అదీ మధ్యలో.

సొంత స్క్రిప్టులు రాసుకునేవాళ్ళకు వన్‌షాట్ అనే ట్రిగ్గర్ చూపించు. అది పెడితే షాట్ అనే ఫైలు పుడుతుంది. అందులో ఏదైనా రాసినప్పుడల్లా లైటు ఒక్కసారి వెలిగి ఆరుతుంది. బ్యాకప్ అయిపోయిందనో, మెయిల్ వచ్చిందనో తెలియాలంటే, ఆగకుండా మిణుకుమనిపించే టైమర్ ట్రిగ్గర్ కంటే ఇదే మేలు. లైటును నెట్‌వర్క్‌కి కట్టే నెట్‌డెవ్ ట్రిగ్గర్ గురించి నాలుగు మాటలు చాలు. జాబితాలో కనబడకపోతే దాని మాడ్యూల్, అంటే కెర్నల్‌కు విడిగా జోడించే భాగం, లోడ్ చేసుకోవాలని చెప్పి వదిలేయి.

సరిచేసి మళ్ళీ పంపు. పాత పై 2 ఎవరి దగ్గరైనా దొరికితే అడిగి తెచ్చుకుని, ఎర్ర లైటు భాగం దాని మీద ఒకసారి చూసుకో. ఇంకోటి, ఆ ఆరు ఫొటోలూ తీసేసి ఫోన్‌తో తీసిన చిన్న వీడియో పెట్టు. లైటు మిణుకుమనడం ఫొటోలో ఎవరికి కనిపిస్తుంది?

ఉంటాను,
అన్న