పానగల్లులో అద్దె తక్కువే, నల్లా సంగతి మాత్రం ముందే అడగండి

మీ ఆవిడకు నల్లగొండలో ఉద్యోగం, మీకు వారానికి రెండు రోజులు హైదరాబాద్ ఆఫీసు, ఇంట్లో పెద్దావిడ. పట్టణం పక్కనే ఉన్న పానగల్లు వైపు ఇల్లు తీసుకుంటే చవగ్గా, ప్రశాంతంగా ఉంటుందంటున్నారు, నిజమేనా, అమ్మకు పొద్దు పోతుందా అని అడిగారు. మేమూ నాలుగేళ్ల కింద ఇదే లెక్క వేసుకుని వనస్థలిపురం నుంచి వచ్చినవాళ్లమే. మా ఆవిడ టీచరు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. మా అనుభవం చెబుతాను, మీకు ఎంతవరకు పనికొస్తుందో చూసుకోండి.

వనస్థలిపురంలో రెండు బెడ్‌రూముల పోర్షన్‌కు 15,000 కట్టేవాళ్లం. ఇక్కడ అంతే ఇల్లు, పైగా ముందు వాకిలి, వెనక జామచెట్టు, 6,500. నెలకు 8,500 మిగిలినట్టే అని సంబరపడ్డాను. నెలాఖరుకు చూస్తే నా రాకపోకలకే 5,800 అయ్యాయి. బస్సు టికెట్‌తో అంత కాలేదు. ఇంటి నుంచి బస్టాండుకు ఆటో, ఎల్బీనగర్‌లో దిగాక మెట్రో, మధ్యాహ్నం బయట తిండి, ఆలస్యమైన రెండు రాత్రులు షేరింగ్ కారులో సీటు. ఇవన్నీ కలిసి తినేశాయి. ఇప్పుడు స్కూటర్ బస్టాండు దగ్గర స్టాండులో పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని పోతున్నాను, ఖర్చు సగానికి పైగా తగ్గింది. మా ఆవిడ ఖర్చు సున్నా. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కదా, ఆధార్ చూపించి జీరో టికెట్ మీద బడికి పోయొస్తుంది. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాల్సిందే. కూరగాయలు, పాలు హైదరాబాద్ కన్నా కాస్త తక్కువ, అంతే. కిరాణం ధరల్లో పెద్ద తేడా ఏమీ లేదు. సీజన్‌లో బత్తాయిలు మాత్రం సంచీలకొద్దీ తెచ్చుకుంటాం, తోట ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఇచ్చేస్తుంటారు కూడా.

ఇక నీళ్లు. నల్లగొండ అనగానే అందరూ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ గురించే అడుగుతారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర తిరిగిన కాళ్లతో బతికిన మనుషులను చూసిన జిల్లా ఇది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే ఒక పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారుచేస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పడింది. ఇలాంటి విషయంలో పేరు రావడం ఏ ఊరికైనా బాధే. కానీ ఇప్పుడు పానగల్లులో పరిస్థితి వేరు. ఊరి పక్కనే ఉదయసముద్రం ఉంది, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళుల నాటి చెరువు. నాగార్జునసాగర్ జలాశయం పక్కన పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు కాలువ మీద వచ్చి దీంట్లో చేరతాయి. తమాషా ఏంటంటే, వనస్థలిపురంలో మేం తాగినవీ ఆ నీళ్లే. అక్కంపల్లి రిజర్వాయర్ దగ్గర ఒక పాయ హైదరాబాద్ పైపుల్లోకి పోతుంది, ఇంకోటి ఇటు వస్తుంది. నేను నీళ్ల వెంట ఎదురు నడిచి వచ్చినట్టయింది.

అయితే ఆ చెరువు నుంచి వచ్చే సర్కారు నల్లా నీళ్లు మంచివైనంత మాత్రాన మీ వంటింట్లో కుళాయి నీళ్లు మంచివని కాదు. ఈ ముక్క నాకు ఆరు నెలలు ఆలస్యంగా తెలిసింది. మా మొదటి ఇంట్లో పైన ఒకటే ట్యాంకు. నల్లా నీళ్లు ఒక పూట సంపులోకి వచ్చేవి, చాలనప్పుడు ఓనరు బోరు మోటారు వేసి అదే ట్యాంకు నింపేవాడు. చెప్పలేదు, మేమూ అడగలేదు. గిన్నెలకు తెల్లపొర కడుతుంటే మా ఆవిడకు అనుమానం వచ్చింది. నిజానికి ఆ తెల్లపొర నీళ్లలోని సున్నపు లవణాల వల్ల, ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ వాసనా ఏదీ ఉండదు. పరీక్ష చేయిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడనిది, మా బోరులో 2.3 ఉంది. అంతకుముందు నెలల తరబడి ఆ నీళ్లనే కాచి చల్లార్చి పిల్లవాడికి తాగించాం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి ఇల్లు చూడబోయినప్పుడు గదులు కొలవడం కన్నా ముందు నల్లా ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, బోరు ట్యాంకు వేరేగా ఉందా అని అడగండి. ఓనరు ‘నీళ్లకేం కొదవ లేదు సార్’ అంటే నమ్మకుండా మేడ ఎక్కి చూడండి. ఇప్పుడున్న ఇంట్లో నల్లా నీళ్లకు వేరే డ్రమ్ము పెట్టుకున్నాం, తాగడానికీ వంటకూ అవే.

ప్రశాంతత సంగతికి వస్తే, మీరు బైపాస్‌కు ఎంత దూరంలో ఇల్లు తీసుకుంటారనే దాన్ని బట్టి ఉంటుంది. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు ఊరి పక్క నుంచే పోతుంది, రాత్రంతా సిమెంటు లారీలు తిరుగుతూనే ఉంటాయి. నాలుగు గల్లీలు లోపలికి పోతే ఆ మోత వినపడదు, కానీ తెల్లారి కోతులు వస్తాయి. మా జామచెట్టు మీద మాకు పేరుకే హక్కు. వరి కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు, పైన నల్ల పట్టా కప్పి రాళ్లు పెడతారు, చీకట్లో స్కూటర్ మీద జాగ్రత్త. పొలాలూ చెరువూ ఉన్నచోట దోమలు ఉండవని ఎవరన్నా చెబితే నవ్వి ఊరుకోండి. శివరాత్రికి రెండు సోమేశ్వరాలయాల దగ్గరా తెల్లార్లూ మైకులు. ఆ ఒక్క రాత్రి నాకు ఇష్టమే అనుకోండి.

అన్నిటికన్నా అలవాటు పడటానికి టైము పట్టింది మనుషులకు. హైదరాబాద్‌లో పక్క పోర్షన్ వాళ్ల పేరు తెలియకుండా మూడేళ్లు ఉన్నాం. ఇక్కడ వచ్చిన వారానికే ఎదురింటి పెద్దమ్మ గేటు పట్టుకుని, ‘ఏం బిడ్డా, రాత్రి లైటు జల్ది ఆర్పిండ్రు, పానం మంచిగ లేదా?’ అంది. మా ఆవిడకు ఒళ్లు మండింది. మన ఇంట్లో లైటు లెక్క ఆవిడకెందుకని. రెండో ఏడు ఒక రాత్రి పదకొండున్నరకు మా అమ్మకు ఛాతీలో నొప్పి వచ్చింది, ఆటో దొరకలేదు. నేను గేటు బయట ఫోన్ పట్టుకుని నిలబడితే ఆ పెద్దమ్మే కొడుకును లేపి కారు తీయించింది. గ్యాస్ నొప్పి అని తేలింది, అది వేరే మాట. పెద్దమ్మ ఇప్పటికీ లైట్లు లెక్కపెడుతుంది. మా ఆవిడ ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఆసుపత్రికి ఇబ్బంది పడరు. పట్టణంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో మొదలైంది, నార్కట్‌పల్లిలో ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. పెద్ద ఆపరేషన్ అంటే అందరూ హైదరాబాదే పోతారు. ఎండలు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చుట్టూ రాతి గుట్టలు, మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది. పడమటి గది ఉన్న పైపోర్షన్ అయితే అద్దె ఇంకో వెయ్యి తగ్గించినా వద్దనే అంటాను. ఆ వెయ్యీ కరెంటు బిల్లుకే పోతుంది.

మీ ప్రయాణం గురించి ఇంకొక మాట. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్‌కు మామూలు రోజున రెండు గంటల పైచిలుకు. వారానికి రెండు రోజులంటే తట్టుకోవచ్చు, మూడో రోజు మొదలైతే మాత్రం ఆలోచించండి. నాకు ఆర్థిక సంవత్సరం చివర్లో వారానికి నాలుగు రోజులు పడింది. ఆ నెల నేను ఇంట్లో చేసిందల్లా నిద్రపోవడమే, మిగిలిన అద్దె డబ్బులు కూడా కనబడలేదు. సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చే పని పెట్టుకోకండి, పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్ల బారు ఎలా ఉంటుందో టీవీలో చూసే ఉంటారు. రైలు టైములు నా ఆఫీసుకు ఎప్పుడూ కుదరలేదు. తిరుపతి పోవాలంటే మాత్రం నారాయణాద్రి ఇక్కడే ఎక్కుతాం, అమ్మకు అదొక పెద్ద సంతోషం.

అమ్మ గురించి అడిగారు కదా. మా అమ్మ వచ్చిన కొత్తలో రెండు నెలలు ‘ఇదేం ఊరురా, ఏడింటికే తలుపులు పెట్టుకుంటరు’ అని సణిగింది. ఛాయా సోమేశ్వరం చూపిస్తానని తీసుకుపోయాను. పగలంతా లింగం మీద స్తంభం లాంటి నీడ ఒకటి కదలకుండా నిలబడే గుడి అది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూస్తారు. మా అమ్మ నీడను రెండు నిమిషాలు చూసి, గుడి బయట పొలంలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లతో గంటన్నర మాట్లాడింది. ఆ తర్వాత నేనేమీ చూపించాల్సిన పని పడలేదు. సాయంత్రం చెరువు కట్ట దాకా నడుస్తుంది. పొద్దున వలలు తీసే వేళకు పోతే బొచ్చె, రవ్వ చేపలు తాజాగా దొరుకుతాయని ఇంటిల్లిపాదికీ ఆవిడే చెప్పింది. మొన్న మా తమ్ముడు హైదరాబాద్‌లో వారం ఉండిపొమ్మంటే రెండో రోజుకే బయలుదేరింది. నా మీద బెంగతో అనుకుంటే పొరపాటు. పొద్దున నల్లా వస్తే డ్రమ్ము ఎవరు నింపుతారని.