ఆవరణ, పర్యావరణం, జీవావరణం: మూడూ ఒకటేనా?

సందేహం: మా పాప సైన్సు పుస్తకంలో 'ఆవరణ వ్యవస్థ' అని ఉంది. పేపర్లో 'పర్యావరణ వ్యవస్థ' అని రాస్తున్నారు. ఇంకోచోట 'జీవావరణం' అని చూశాను. మూడూ ఒకటేనా? నాకు తెలిసిన ఆవరణ గుడి ఆవరణ, బడి ఆవరణే. 'విచ్ఛిన్నకారులు' అంటే ఏమిటని పాప అడిగితే, గొడవలు పెట్టేవాళ్ళని చెప్పాను. పుస్తకం చూపించి నవ్వింది. – ఒక తల్లి, ఏలూరు

సమాధానం: పాప నవ్వినా మీ తెలుగులో తప్పేం లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

'వృ' ధాతువుకు కప్పడం, చుట్టుకోవడం అని అర్థం. దానికి 'ఆ' చేరి ఆవరణం అయింది. మబ్బులు ఆవరించాయి అంటాం కదా, అదే. గుడి చుట్టూ ఉన్న జాగా గుడి ఆవరణ. భూమిని చుట్టుకున్న గాలి వాతావరణం, నీరు జలావరణం. ఈ వరసలోదే జీవావరణం, అంటే భూమ్మీద ప్రాణం ఉన్న మేర అంతా. అది ఒక్కటే ఉంటుంది. 'కొల్లేరు జీవావరణం' అని రాస్తే అర్థం కుదరదు. ఇంత చెప్పాక, ఇకాలజీని (ప్రాణులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రాన్ని) 'జీవావరణ శాస్త్రం' అనడం కూడా వాడుకలో ఉందని ఒప్పుకోవాలి. చిక్కు అక్కడే మొదలైంది.

ఇకాలజీ అన్న మాటను 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ కల్పించాడు. గ్రీకులో 'ఓయికోస్' అంటే ఇల్లు. మనవాళ్ళు ఆవరణ అన్నప్పుడు ఆ ఇల్లు మనసులో ఉందో లేదో గానీ, ఇంటి శాస్త్రానికి వాకిలి పేరు బాగానే అతికింది.

ఇక పర్యావరణం. పరి అంటే చుట్టూ. పరి+ఆవరణం, యణాదేశ సంధి. ('పర్యవరణం' అని దీర్ఘం మింగేసి రాస్తున్నారు, అది తప్పు.) చుట్టూ అన్నాక, ఎవరి చుట్టూ అన్న ప్రశ్న వస్తుంది. కొల్లేటి కొర్రమీనుకు ఆ నీరు, బురద, నాచు, తనను మింగడానికి కాచుకున్న పక్షి, అన్నీ పర్యావరణమే. ఆ కొర్రమీనును కూడా లెక్కలో కలుపుకొని, ప్రాణమున్నవీ లేనివీ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చూస్తే అది ఆవరణ వ్యవస్థ. ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ టాన్స్‌లీ 1935లో ఎకోసిస్టమ్ అన్న మాట వాడింది ఇందుకే. మొక్కల్నీ జంతువుల్నీ మట్టి నుంచీ వాతావరణం నుంచీ విడదీసి చూడకూడదని ఆయన వాదం. మీ ఊరి పక్కనే చూడండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు, దాన్ని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, ఆటపాక గూడబాతులు, అన్నీ కలిస్తేనే కొల్లేరు. చేపల చెరువుల గట్లు నీటి దారికి అడ్డమైతే ఆ దెబ్బ పక్షి దాకా పోతుంది. కాబట్టి నా ఓటు 'ఆవరణ వ్యవస్థ'కే. 'పర్యావరణ వ్యవస్థ' తప్పనను, కానీ అందులో 'పరి' పని లేకుండా కూర్చుంది.

ఇప్పుడు విచ్ఛిన్నకారులు. 'విచ్ఛిన్నకర శక్తులు' అని పేపర్లలో చదివి చదివి ఉన్నాం, మీకు గొడవలు గుర్తుకు రావడం సహజం. పుస్తకం చెప్పేది బాక్టీరియా, శిలీంధ్రాల గురించి. రాలిన ఆకునూ చచ్చిన చేపనూ కుళ్ళబెట్టి, వాటిలోని పోషకాలను మళ్ళీ మట్టికీ నీటికీ అప్పజెప్పేవి ఇవే. అవి లేకపోతే మొక్కకు మళ్ళీ తిండి దొరకదు. అంత మేలు చేసేవాటికి ఇంత చెడ్డ పేరు! రైతులు 'బాగా చివికిన పశువుల ఎరువు' అంటారు. చివకడం, మాగడం అని మనకు చక్కని క్రియలు ఉండగా, 'చివికించేవి' అంటే ఏం పోయింది? 'వినియోగదారులు' (వేరే ప్రాణుల్ని తిని బతికేవి) కూడా అంతే. ఆ మాట వింటే ఎవరికైనా వినియోగదారుల ఫోరమే గుర్తొస్తుంది, జింకను తినే పులి కాదు.

ఏది దేన్ని తింటుందో చూపే 'ఆహార జాలకం' మాత్రం నాకు నచ్చిన మాట. జాలం అంటే వల, జాలరి అందులోంచి వచ్చినవాడే. ఒకే చేపను పెద్ద చేపా తింటుంది, కొంగా తింటుంది, మనిషీ తింటాడు. 'ఆహార గొలుసు' అంటే ఈ అల్లిక కనిపించదు, వల అంటే కనిపిస్తుంది.

పరీక్షలో మాత్రం పాపను 'విచ్ఛిన్నకారులు' అనే రాయమనండి. 'చివికించేవి' అని రాస్తే మార్కులు ఇస్తారన్న హామీ నేనివ్వలేను.