వాక్యానికి కూర్చోగానే కునుకు

ప్రశ్న: వందనాలండి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. తెల్లవారుజామున 4.30కి లేస్తే రెండు గేదెలు, పిల్లల క్యారేజీలు, మంచం పట్టిన అత్తగారు, ఆయన రొయ్యల చెరువు లెక్కలు. రాత్రి 10.30కి బైబిలు తెరిస్తే రెండు వచనాలకే కునుకు. దేవునికి దూరమైపోతున్నానేమోనని దిగులుగా ఉందండి.
– ఒక సోదరి

జవాబు: దిగులుపడకండమ్మా. అలసిపోయిన ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మాట్లాడింది ఆ తర్వాతే (1 రాజులు 19).

10 నిమిషాలు చాలు. గంటసేపని మొదలుపెడితే మూడోరోజుకే తప్పుతుంది, ఆ బాధతో నాలుగోరోజు అసలు తెరవరు. రాత్రి మానేసి, పాలు పితికాక, పిల్లలు లేవకముందు కూర్చోండి. మంచం మీద వద్దు, వెనక అరుగు మీద పీట వేసుకోండి. ఫోన్లో బైబిలు వద్దే వద్దు. మేత కొట్టు మెసేజ్ ఒక్కటి కనబడినా మనసు చెరువు గట్టు మీదికి పోతుంది.

119వ కీర్తన తీసుకోండి. మొత్తం 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు; రోజుకో భాగం. పెదాలు కదిలేలా మెల్లగా రెండుసార్లు చదివి, మనసుకు తగిలిన వచనం దగ్గర ఆగి, ఆ మాటతోనే ప్రార్థించండి. మధ్యలో 'తవుడు అయిపోయింది' అని గుర్తొస్తుంది. దాంతో పెనుగులాడకండి, పక్కనున్న చీటీ మీద రాసేసి మళ్లీ వచనానికి రండి. అత్తగారికి ఒళ్లు తుడిచేటప్పుడు ఆ వచనాన్నే పైకి చెప్పండి, ఆవిడకూ వాక్యం అందుతుంది.

ఆ కాసేపూ చెరువు ఫోన్లు తనే చూసుకోమని మీ ఆయనకు ముందే చెప్పండి. ఒకరోజు తప్పితే ఆ భాగాన్ని మర్నాటి దానికి కలపకండి, బాకీలా పేరుకుపోతుంది. ఆగినచోటి నుంచే చదవండి.