పిల్లల తిండిలో నూనె, నెయ్యి ఎంత ఉండాలి?

ప్రశ్న: మా మామగారికి బైపాస్ అయినప్పటి నుంచి ఇంట్లో వంటంతా నూనె లేకుండానే. పాలు కూడా డబుల్ టోన్డ్ ప్యాకెట్టే. బాబుకు ఆరేళ్లు, పాపకు ఏడాదిన్నర. రెండు నెలలుగా పాప బరువు పెరగలేదు. రక్తనాళాల్లో కొవ్వు చిన్నప్పుడే మొదలవుతుందంటారు కదా, పిల్లలకూ తగ్గించడం మంచిదే కదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు పాప పాలు మార్చండి. రెండేళ్ల లోపు, అందులోనూ బరువు పెరగని బిడ్డకు, కొవ్వు తగ్గించనే కూడదు. తల్లిపాలు ఇచ్చే శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుంది. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థానికి 4. పాప పొట్ట చిన్నది. నెయ్యి చుక్క లేని రాగిజావతో పొట్ట నిండుతుంది గానీ శక్తి చాలదు. 200 మి.లీ. డబుల్ టోన్డ్ పాలలో కొవ్వు 3 గ్రాములే, ఫుల్ క్రీమ్‌లో 12. రోజుకు రెండు గ్లాసులు దాటనివ్వకండి, పాలతోనే కడుపు నిండితే అన్నం ముట్టదు. పూటపూటా పప్పన్నంలోనో సంగటిలోనో చిన్న చెంచాడు నెయ్యి గానీ చెనక్కాయల నూనె గానీ కలపండి. బరువు ఆగడానికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి.

నాళాల్లో కొవ్వు చిన్నప్పుడే మొదలవుతుందన్నది నిజమే. అందుకే రెండేళ్లు దాటాక కొవ్వును మొత్తం శక్తిలో 30 శాతానికి తేవాలని 1990ల మొదట్లో అమెరికా నిపుణులన్నారు. తొందరొద్దు, ఎదుగుదల ముగిసేలోగా మెల్లగా తగ్గిద్దామని 1993లో కెనడా వాళ్లన్నారు. ఫిన్లాండ్‌లోని తుర్కులో ఏడో నెల నుంచే తిండిలో కొవ్వు గురించి తల్లిదండ్రులకు సలహాలిస్తూ పెంచిన పిల్లలు బాగానే ఎదిగారు. అయితే వాళ్లు తిన్నది నూనె లేని తిండి కాదు, శక్తిలో మూడోవంతుకు కాస్త తక్కువగా కొవ్వున్న తిండి, అదీ నిపుణుల పర్యవేక్షణలో. మన ఇళ్లలో నూనె తీసేస్తే ఆ లోటులోకి వచ్చేది ఇంకో గరిటె అన్నమే.

ఇక బాబు. రోజుకు సుమారు 1,350 కేలరీలు. అందులో 30 శాతమంటే 45 గ్రాముల కొవ్వు. రెండు గ్లాసుల టోన్డ్ పాలలో 12, గుప్పెడు చెనక్కాయల్లో 10, బియ్యం, పప్పుల్లో నాలుగైదు పోగా మిగిలేది వంటకు నాలుగు చిన్న చెంచాల నూనె. కోయాల్సింది ఇది కాదు. బేకరీ పఫ్‌లు, డాల్డా, కాగిన నూనెలో మళ్లీ మళ్లీ వేసిన బజ్జీలు.

వంట రెండుసార్లు చేయనక్కర్లేదు. పప్పు ఉడికాక మామగారికి తీసిపెట్టి, మిగిలినదానికి తాలింపు వేయండి.

చెనక్కాయల పొడి ఇద్దరికీ పనికొస్తుంది. సన్న సెగ మీద వేయించి, పొట్టు రాలగొట్టి, మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే నూనె తేలి ముద్దవుతుంది. పాపకు గింజ గింజగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడుతుంది. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి వేయించకముందే ఏరి పారేయండి. వాటిలోని విషం వేడికి పూర్తిగా పోదు.