గెస్ట్‌కు గోదావరి మర్యాదలు చేయకండి

8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో, కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ కింద ఉబుంటు లినక్స్ మెషీన్ లేవడానికి మూడు నిమిషాలు పడుతోందని, అది లేచాక అసలు కంప్యూటరే కదలడం లేదని, ఇంకో 8 జీబీ వేయించుకోవాలా అని అడిగారు. నాకంటే ముందు జవాబిచ్చిన ముగ్గురూ వేయించుకోమన్నారు. ఆ మూడు నిమిషాలూ మీ మెషీన్ ఏం చేస్తోందని ఒక్కరూ అడగలేదు. నేను పందెం కాస్తాను, అందులో సగానికి పైగా అది ఏ పనీ చేయడం లేదు. దేనికోసమో ఎదురుచూస్తూ కూర్చుంది.

ఈ ధీమా ఎక్కడిదంటే, భీమవరం చుట్టుపక్కల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా ల్యాబ్ చూసుకుంటున్నాను. విద్యార్థుల ముందు ఉండేవి పాత డబ్బాలు. అసలు పనంతా మూలగదిలోని ఒక్క సర్వర్‌లో జరుగుతుంది. 64 జీబీ ర్యామ్, దానిపై లినక్స్‌లోనే ఉండే కేవీఎం అనే ఏర్పాటుతో నడిచే ముప్పై వర్చువల్ మెషీన్లు, ఒక్కోదానికి 2 జీబీ. ముప్పై రెళ్లు అరవై, ఇంకా నాలుగు మిగిలింది కదా అని నాకు ముందు పనిచేసినాయన లెక్క. ఆ లెక్కను నేనూ మూడేళ్లు ముట్టుకోలేదు, అది ఒప్పుకోవాలి.

ఒక ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్ష జరుగుతోంది. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. మా ల్యాబ్ కిటికీ అవతల ప్రహరీగోడ, దాని అవతల రొయ్యల చెరువులు. కరెంటు పోయిన సంగతి మాకు ఫ్యాన్ల కంటే ముందు చెరువుల్లో ఏరేటర్లే చెబుతాయి. ఆ హోరు ఉన్నట్టుండి ఆగిపోతే చెవులకు ఏదో వెలితిగా ఉంటుంది. అర నిమిషంలో చెరువు గట్టు మీద జనరేటర్ మొదలవుతుంది, ఎందుకంటే ఏరేటర్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయి. పరీక్ష ఆగితే ఎవరూ తేలరు కాబట్టి మా జనరేటర్‌కు ఆ తొందర లేదు. సర్వర్‌కున్న యూపీఎస్ నాలుగు నిమిషాలు నిలబడి పడిపోయింది. ఆ బ్యాటరీలు మార్చాలని నేను పెట్టిన కాగితం అప్పటికి రెండేళ్లుగా బల్లలు మారుతోంది. ఆ రెండేళ్లలో ఆవరణలోకి ఫౌంటెన్ మాత్రం వచ్చింది.

జనరేటర్ అందుకున్నాక సర్వర్ లేచింది. ముప్పై మెషీన్లూ ఒక్కసారిగా లేవడం మొదలుపెట్టాయి. ఎగ్జామినర్ గడియారం చూసుకుని, "ఎంతసేపండీ మాస్టారూ?" అన్నారు. "రెండు నిమిషాలండి" అన్నాను. పట్టింది పదిహేడు నిమిషాలు. ఆయన రెండో గ్లాసు మజ్జిగ కూడా తాగేశారు. నేను మూలగదిలోకి పరుగెత్తి ఒక మెషీన్ తెర తెరిచి చూశాను. నల్లటి తెర మీద మూడు ఎర్ర చుక్కలు అటూ ఇటూ ఊగుతున్నాయి. పక్కన, నెట్‌వర్క్ సిద్ధమయ్యే వరకు ఆగుతున్నాను అన్న అర్థంలో ఒక వాక్యం, దాని వెనక సెకన్ల లెక్క. 48, 49, 50. ఇంకో మెషీన్ తెరిచాను. అవే చుక్కలు, అదే వాక్యం.

సంగతేమిటంటే, మూలప్రతిగా వాడిన మెషీన్‌కు ఎవరో ఎప్పుడో నెట్‌వర్క్ ల్యాబ్ కోసం రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించారు. దాని రెండో కొస ఎక్కడికీ పోలేదు. ఆ ప్రతి నుంచి పుట్టిన ముప్పై మెషీన్లూ లేచిన ప్రతిసారీ, లేని తీగ కోసం రెండు నిమిషాలు ఎదురుచూసి, విసిగి, అప్పుడు ముందుకు కదులుతున్నాయి. లినక్స్ లేచేటప్పుడు సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఆ ఎదురుచూపుకు పెట్టిన గడువు మామూలుగా 120 సెకన్లే. మూడేళ్లపాటు రోజూ ఆ రెండు నిమిషాలను సర్వర్ పాతబడటం ఖాతాలో రాస్తూ వచ్చాం.

మిగిలిన పదిహేను నిమిషాలూ నా ముందున్నాయన లెక్క పుణ్యం. ముప్పై మెషీన్లలోనూ బొమ్మల డెస్క్‌టాప్ లేస్తోంది. ఎవరూ దాన్ని చూడరు, విద్యార్థులు ఎస్సెస్‌హెచ్ అనే దూరపు లాగిన్‌తో నల్ల తెరలోకే వస్తారు. 64 జీబీ నిండిపోయి సర్వర్ తన పాత హార్డ్ డిస్కు మీదికి పేజీలు, అంటే మెమరీ ముక్కలు, తోసి, మళ్లీ లాక్కుని, మళ్లీ తోసి అవస్థపడింది.

ఆ రాత్రే కూర్చున్నాను. సిస్టమ్‌డీ-ఎనలైజ్ అనే ఆదేశం ఉంది. దానికి 'బ్లేమ్' అని తగిలిస్తే ఏ సేవ ఎంతసేపు తీసుకుందో పెద్దదాని నుంచి చిన్నదాకా వరుసగా చూపిస్తుంది. నింద అని పేరు పెట్టినవాడెవడో కాలేజీలో పనిచేసి ఉంటాడు. కానీ ఆ జాబితాను గుడ్డిగా నమ్మకండి. పక్కన తనమానాన నడిచిన సేవ ముప్పై సెకన్లు తీసుకున్నా అది ఎవరినీ ఆపి ఉండకపోవచ్చు. 'క్రిటికల్-చైన్' అని తగిలిస్తే ఎవరి కోసం ఎవరు ఆగారో గొలుసుగా కనిపిస్తుంది. మాకు ఆ గొలుసు కొసన ఆ రెండో కార్డు దొరికింది. ఉబుంటులో నెట్‌వర్క్ అమరికలుండే నెట్‌ప్లాన్ ఫైలులో ఆ కార్డును ఆప్షనల్ అని రాయవచ్చు, నేను కార్డునే పీకేశాను. డెస్క్‌టాప్‌ను ఆపి నేరుగా బొమ్మలు లేని మల్టీ-యూజర్ దశలోనే నిలిచేలా చేశాను. డిస్కు పాతకాలపు ఐడీఈ పద్ధతిలో ఉంటే, వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్టియోకు మార్చాను.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. సంక్రాంతికి కొత్త అల్లుడు వస్తే మా వైపు ఎలా వడ్డిస్తారో తెలుసు కదా, జనం వర్చువల్ మెషీన్‌కు ర్యామ్ అలా వడ్డిస్తారు. అల్లుడైనా చాలంటాడు, లినక్స్ అనదు. దాని దృష్టిలో ఖాళీ ర్యామ్ వృథా. చదివిన ప్రతి ఫైలునూ మళ్లీ అవసరపడుతుందేమోనని ర్యామ్‌లోనే, పేజీ క్యాష్‌లో, దాచుకుంటూ ఇచ్చినదంతా నింపేస్తుంది. సొంత కంప్యూటర్‌లో అది మంచి గుణమే. వర్చువల్ మెషీన్‌లో గెస్ట్‌గా వచ్చినప్పుడు, లోపల దాచుకున్నది పారేయదగ్గదని బయట ఉన్న అసలు కంప్యూటర్‌కు, అంటే హోస్ట్‌కు, తెలిసే దారి లేదు. అంతా వాడకంలో ఉన్నట్టే కనిపిస్తుంది. పైగా 4 కేబీ పేజీ ఒక్కోదానికి 64 బైట్ల పద్దు రాసుకోవాలి. జీబీకి 16 ఎంబీ. మా ముప్పై మెషీన్లకు ఆ పద్దు పుస్తకాలే దాదాపు ఒక జీబీ తినేవి.

బెలూన్ ఉంది కదా అంటారు. ఉంది. హోస్ట్ అడిగినప్పుడు గెస్ట్ లోపల బెలూన్ ఉబ్బి కొంత మెమరీని పట్టుకుని హోస్ట్‌కు వదులుతుంది. 2020లో లినక్స్ 5.7, కేవీఎంతో కలిసి మెషీన్లను నడిపే క్యూఈఎంయూ 5.1 వచ్చాక, ఖాళీ అయిన పేజీలను గెస్టే తనంతట తాను చెప్పే ఏర్పాటు కూడా చేరింది. కానీ పేజీ క్యాష్‌లో కూర్చున్నది ఖాళీ కింద లెక్కకు రాదు. మా పొలం కాలువ శివారులో ఉంది. రెండో పంట దాళ్వాకు గోదావరిలో నీరు తగ్గితే వంతులవారీగా ఇస్తామంటారు. మా వంతు వచ్చిన రోజున పై రైతు బోదె మూయడు. మా నాన్న రాత్రిపూట పారతో వెళ్లి కాపలా కాసేవారు. ముప్పై మంది పై రైతులకు కాపలా కాయడం నా వల్ల కాదు. అందుకే తూమే చిన్నది పెట్టాను. ఒక్కో మెషీన్‌కు 768 ఎంబీ. సీ ప్రోగ్రాములకు, షెల్ స్క్రిప్టులకు, చిన్న డేటాబేస్‌కు అది చాలింది. ఒకే పిల్లవాడు చాలలేదన్నాడు, వాడి ప్రోగ్రామ్ చూస్తే అంతులేని లూపులో మెమరీ అడుగుతోంది.

మొత్తం 22.5 జీబీ అయింది. మిగిలినది ఊరికే పోలేదు. ముప్పై మెషీన్లకూ ఒకే మూల డిస్కు, దానిపై ఎవరి మార్పులు వారికి పలచని పొరలు, ఇదంతా క్యూకౌ2 అనే డిస్కు ఫైలు పద్ధతిలో కుదురుతుంది. మూల డిస్కును మొదటి మెషీన్ చదివితే చాలు, మిగిలిన ఇరవై తొమ్మిదికీ హోస్ట్ క్యాష్ నుంచే అందుతుంది. హోస్ట్ క్యాష్‌ను ఎప్పుడూ ఆపేయాలని వేదంలా చెప్పేవాళ్లున్నారు. ఒకే డిస్కును ముప్పై మంది చదివే చోట వాళ్ల మాట వినకండి. ఒకే రకం పేజీలను కలిపేసే కేఎస్ఎం 2009 నుంచి లినక్స్‌లో ఉంది. మా పిల్లల మెషీన్లకు అది సరిపోయింది. ఒకరికొకరు తెలియని ఖాతాదారులున్న చోట పెట్టకండి, పక్కవాడి మెమరీలో ఏముందో కాలం కొలిచి కూపీ లాగే వీలుంది.

ఆ తర్వాతి కరెంటు కోతలో అన్నీ లేవడానికి 40 సెకన్లు పట్టింది. గొప్ప కాదు. అమెజాన్ 2018లో బయటపెట్టిన ఫైర్‌క్రాకర్ అనే చిన్న వర్చువల్ మెషీన్ల ఏర్పాటులో 125 మిల్లీసెకన్లలోనే లోపలి ప్రోగ్రామ్ మొదలవుతుంది, ఒక్కో మెషీన్‌కు అదనపు మెమరీ ఖర్చు 5 ఎంబీ లోపే. మామూలు కంప్యూటర్‌ను లేపే బయోస్ లేదు, పరికరాలను కలిపే పీసీఐ కూడా మొదట్లో లేదు, పరికరాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాళ్లదీ పీకేసే పనే, నాకంటే నిర్దయగా పీకారు. యూపీఎస్ బ్యాటరీలు మాత్రం ఇప్పటికీ అవే.

మీ దగ్గర ఉన్నది ఒక్క మెషీన్ కాబట్టి కేఎస్ఎం, బెలూన్ గొడవలు వదిలేయండి. దానికి ఎంత ర్యామ్ ఇచ్చారో మీరు రాయలేదు, 4 జీబీ అయి ఉంటుంది. డెస్క్‌టాప్ అవసరం లేకపోతే ఆపి 1 జీబీ ఇచ్చి చూడండి. పని అయ్యాక షట్‌డౌన్ చేయకుండా స్థితిని భద్రపరిచి మూసే వీలు వర్చువల్‌బాక్స్‌లోనే ఉంది, ర్యామ్ తక్కువైతే అదీ త్వరగా తెరుచుకుంటుంది. దుకాణానికి వెళ్లే ముందు ఆ క్రిటికల్-చైన్ ఏం చెప్పిందో ఇక్కడ కింద అతికించండి. రేపు సాయంత్రం ల్యాబ్ మూసేశాక చూస్తాను.