ఈ-బైక్ గేర్లు, ఫోర్క్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదువు చిన్నా

చిన్నా, నువ్వు పంపిన లిస్ట్ చూశా. 12 స్పీడ్ కాసెట్ (వెనక చక్రం మీదుండే పళ్ల చక్రాల దొంతర), కొత్త డీరైలర్ (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి జరిపేది), 150 ఎంఎం కుదుపులు మింగే ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే కాళ్లు), అన్నీ ఒకేసారి తెప్పించేద్దామనుకుంటున్నావ్. కాస్త ఆగు నాన్నా.

నీది మిడ్ డ్రైవ్ కదా, మోటార్ పెడల్స్ దగ్గరే ఉంటుంది, అంటే నీ కాళ్ల బలం మోటార్ బలం రెండూ కలిసి ఆ ఒక్క చైన్ మీదే పడతాయి, అందుకే మామూలు సైకిల్ కంటే చైనూ కాసెట్టూ తొందరగా అరుగుతాయి. ఇలాంటి బండికి గేర్లు ఎక్కువుంటే ఏదో లాభం అనుకోకు, ఎత్తు ఎక్కడానికి మోటార్ సాయం ఉండనే ఉంది. నన్నడిగితే తక్కువ గేర్లు, మందం పళ్లే మేలు. స్రామ్ వాళ్లు ఈ-బైకుల కోసమే ఈఎక్స్1 అని 8 స్పీడ్ సెట్ తెచ్చారు, 11 నుంచి 48 పళ్ల దాకా ఉంటుంది, షిమానో లింక్‌గ్లైడ్ కూడా ఎక్కువ కాలం మన్నాలనే చేసింది. ఏది కొన్నా షిఫ్టర్ (హ్యాండిల్ మీద గేర్ మార్చే మీట), డీరైలర్, కాసెట్ మూడూ ఒకదానికొకటి సరిపడేవే తీసుకో, పాత షిఫ్టర్‌తో నెట్టుకొద్దామంటే గేర్లు సరిగ్గా పడవు. ఇంకోటి, అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రానికి 10 పళ్లుండే కాసెట్ మామూలు హెచ్‌జీ రకం ఫ్రీహబ్ (వెనక చక్రంలో కాసెట్ ఎక్కే భాగం) మీద ఎక్కదు, దానికి ఎక్స్‌డీ రకమో మైక్రోస్ప్లైన్ రకమో కావాలి, నీ బండి వెనక చక్రానికి ఏదుందో చూడకుండా కొనకు.

మీ ఫ్రెండ్‌ది వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ మోటార్ అన్నావ్ కదా, వాడి చైన్ మీద మోటార్ భారం పడదు కానీ చాలా హబ్ మోటార్లకి మరతో బిగించే ఫ్రీవీలే (పళ్ల చక్రాలూ వాటిని తిప్పే భాగమూ ఒకటే ముక్కగా ఉండేది) పడుతుంది, కాసెట్ ఎక్కదు, వాడికీ ఈ మాట చెప్పు.

అసలు మార్చాల్సిన అవసరం ఉందో లేదో ముందు కొలువు. చైన్‌లో 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే చైన్ మార్చేయడమే, ఇంకొన్నాళ్లు లాగుదామంటే కాసెట్‌ని కూడా తినేస్తుంది, అప్పుడు కొత్త చైనేసినా తొక్కేటప్పుడు జారుతూనే ఉంటుంది. గేర్ మార్చేటప్పుడు ఒక్క క్షణం కాలు తేలిక చెయ్, ఒక్కోసారి ఒక్క గేరే. ఏ పార్ట్ మార్చినా ఈ అలవాటు లేకపోతే ఆ పార్ట్ నిలవదు.

ఇక ఫోర్క్. నాకు భయమంతా దీని గురించే, ఎందుకంటే గేర్ పాడైతే దిగి నడిపించుకుంటూ రావచ్చు, ముందు ఫోర్క్ తేడా చేస్తే పళ్లు రాలతాయి. ఇప్పుడున్నది 120 అయితే 150 వద్దు, కంపెనీ ఫ్రేమ్‌కి ఎంత దాకా ఒప్పుకుందో అంతే, ఫోర్క్ ఎత్తు 20 ఎంఎం పెరిగితేనే హెడ్ యాంగిల్ (ముందు ఫోర్క్ వాలు) దాదాపు ఒక డిగ్రీ వాలిపోతుంది, హ్యాండిల్ తిప్పడంలో తేడా తెలుస్తుంది. ట్రావెల్ (ఫోర్క్ ఎంత దాకా కుంగుతుందో ఆ కొలత) కంటే ఫోర్క్ కాళ్ల మందం చూడు, బరువైన బండికి 32 ఎంఎం స్టాంచన్లు (ఫోర్క్ పై గొట్టాలు) బ్రేక్ గట్టిగా పట్టినప్పుడు వంగినట్టుంటాయి, 35 లేదా 36 అయితే గట్టిగా నిలబడుతుంది. స్టీరర్ ట్యూబ్ (ఫోర్క్ పైన ఫ్రేమ్‌లోకి వెళ్లే గొట్టం) తిన్నగా ఉందా కిందికి వెడల్పయిందా, యాక్సిల్ (ముందు చక్రం ఇరుసు) 15 బై 100 ఎంఎం ఆ, 15 బై 110 ఆ, ఫోర్క్ ఎంత పెద్ద రోటర్‌కి (బ్రేక్ డిస్క్‌కి) ఒప్పుకుంటుంది, ఈ మూడూ రాసిపెట్టుకో. స్టీరర్ కోసేటప్పుడు స్పేసర్లు (మధ్యలో పెట్టే రింగులు), స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క) అన్నీ పెట్టి చూసి కాస్త పొడుగ్గానే కోయించు, పొట్టిదైతే ఇక చేసేదేం లేదు. బిగించాక గాలి పంపుతో సాగ్ (నువ్వు కూర్చోగానే ఫోర్క్ కుంగేది) ట్రావెల్‌లో 20 నుంచి 25 శాతం ఉండేలా పెట్టుకో.

ముందు చక్రంలో మోటారున్న బండికైతే సస్పెన్షన్ ఫోర్క్ మాటే ఎత్తొద్దు, ఆ కింది కాళ్లు పోత పోసినవి, మోటార్ యాక్సిల్ మెలిపెడితే విరిగిపోతాయి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టు, ఆఫ్ చేస్తే చాలనుకోకు. ముందు చైన్ కొలత, ఫ్రీహబ్, యాక్సిల్, స్టీరర్ ఫోటోలు తీసి పంపు, చూసి ఏది ఆర్డర్ పెట్టాలో చెప్తా.

మీ బాబాయ్